గుత్ప, వడిసెల, బర్మారు, పిస్తోలు

ఆత్మరక్షణకి ఏ తుపాకీ కొనాలి, దాన్ని ఎట్లా నేర్చుకోవాలి అనే ప్రశ్న వినగానే ఇది అమెరికావాళ్ళ గొడవ, మనకెందుకులే అనిపిస్తుంది. మనవాళ్ళు అడిగినా అక్కడికి పోయినవాళ్ళే అడుగుతారు. కానీ ఇదే ప్రశ్న మా తొర్రూరు పక్క పల్లెల్లో 1946లోనే వచ్చింది. అడిగింది గొర్లు కాసుకునేవాళ్ళు, బట్టలుతికేవాళ్ళు, కౌలు రైతులు. వాళ్ళకి షాపు లేదు, లైసెన్సు లేదు, ఇన్‌స్ట్రక్టరు లేడు. అయినా ప్రశ్న మాత్రం అచ్చం అదే: నా మీదకి మనుషులొస్తున్నారు, నా చేతిలో ఏముండాలి?

తెలంగాణ సాయుధ పోరాటం మీద పుస్తకాలు చాలా వచ్చాయి. వాటిలో రాజకీయం ఉంటుంది, త్యాగం ఉంటుంది, లైను కరెక్టా కాదా అన్న చర్చ ఉంటుంది. ఆయుధం సంగతి మాత్రం "తర్వాత తుపాకులు పట్టారు" అని ఒక్క వాక్యంలో దాటిపోతారు. వృత్తిరీత్యా నాకు సిస్టమ్ ఎట్లా పనిచేసింది అన్నదాని మీదే కన్ను పడుతుంది. ఆ ఒక్క వాక్యం లోపల చాలా కథ ఉందని నా నమ్మకం.

ముందు భూగోళం. తొర్రూరు నుంచి పడమటి వైపు పోతే పాలకుర్తి, దాన్ని దాటితే విసునూరు, ఇంకొంచెం పోతే కడవెండి. ఇప్పుడు తొర్రూరు మహబూబాబాదు జిల్లాలో, మిగిలినవి జనగామ జిల్లాలో ఉన్నాయి (2016 అక్టోబరు దయ). ఆ రోజుల్లో జనగామ తాలూకా నల్లగొండ జిల్లా కింద ఉండేది, 1953లో వరంగల్లులో కలిపారు. విసునూరు దేశ్‌ముఖ్ రామచంద్రారెడ్డి చేతి కింద అరవై ఊళ్ళు, నలభై వేల ఎకరాలు అని చెబుతారు. గడీలో తుపాకులు, గడీ బయట కర్రలు పట్టుకున్న కిరాయి మనుషులు. ఆయుధాల విషయంలో మొదటి సంగతి ఇదే. తుపాకీ ఊళ్ళోకి కొత్తగా రాలేదు, ఎప్పట్నించో ఉంది. కాకపోతే ఒక్క ఇంట్లోనే ఉంది.

పాలకుర్తిలో చాకలి ఐలమ్మ కౌలు భూమి పంట మీదకి దొర మనుషులు వచ్చినప్పుడు (1945-46 ప్రాంతంలో) సంఘం వాళ్ళ దగ్గర ఉన్నవి కర్రలే. పుచ్చలపల్లి సుందరయ్య రాసిన దాని ప్రకారం వచ్చింది వందమంది గూండాలు, నిలబడింది 28 మంది వాలంటీర్లు. గూండాలే పారిపోయారు. పంట ఐలమ్మ ఇంటికి చేరింది. ఆంధ్ర మహాసభని పల్లెల్లో "సంఘం" అనేవాళ్ళు. సభ్యత్వం చీటీ ఇస్తారు కాబట్టి చీటీల సంఘం అనీ, చేతిలో గుత్ప ఉంటుంది కాబట్టి గుత్పల సంఘం అనీ కూడా అన్నారు. గుత్ప అంటే తెలియనివాళ్ళకి: పొట్టిగా, లావుగా, చేతికి సరిపడే దుడ్డుకర్ర.

28 మంది వందమందిని ఎట్లా తరిమారు? దీనికి నాకు తోచిన జవాబు చెప్తాను. కిరాయికి వచ్చినవాడు దెబ్బలు తినడానికి రాడు, బెదిరించడానికి వస్తాడు. ఎదురు తిరుగుతారని తెలిసిన క్షణం అతని లెక్క మారిపోతుంది. ఆ లెక్క మారడానికి తుపాకీ అక్కర్లేదు, పక్కపక్కన నిలబడే మనుషులు కావాలి. ఇది వినడానికి సినిమా డైలాగులా ఉంటుంది గానీ, కర్ర పోట్లాటలో మాత్రం నిజమే. కర్ర దూరం దాటితే ఈ సూత్రం ఎంతవరకు నిలుస్తుందో కడవెండిలో తెలిసింది.

1946 జూలై 4న కడవెండిలో సంఘం వాళ్ళు ఊరేగింపు తీశారు. చేతుల్లో కర్రలు, వడిసెలలు. ఊరేగింపు గడీ దగ్గరికి రాగానే దేశ్‌ముఖ్ మనుషులు కాల్పులు జరిపారు. దొడ్డి కొమరయ్య అక్కడే ప్రాణం వదిలాడు, అతని అన్న మల్లయ్య గాయపడ్డాడు. ఇంతవరకు అందరికీ తెలిసిందే. తర్వాత జరిగింది చూడండి. జనం చెల్లాచెదరు కాలేదు. కాల్చినవాళ్ళే గడీలోకి పరుగెత్తారు, చుట్టుపక్కల ఊళ్ళనించి వేలమంది వచ్చి గడీని ముట్టడించారు. పోలీసులు వచ్చాకే గడీవాళ్ళు బతికి బయటపడ్డారు.

కొమరయ్య కురుమ కులస్థుడు. గొర్ల కాపరి చేతిలో వడిసెల ఎట్లా ఉంటుందో చూసినవాళ్ళకి తెలుసు. నడుమ చిన్న జోలె, రెండు వైపులా తాడు. రాయి పెట్టి తల మీద గిర్రున తిప్పి సరైన క్షణంలో ఒక కొస వదలాలి. ఎప్పుడు వదలాలన్నదే మొత్తం విద్య. అది పుస్తకంలో రాదు. జొన్నచేను మంచె మీద పిట్టల్ని తోలుతూ, గొర్ల మంద దగ్గర కుక్కల్ని, తోడేళ్ళని తరుముతూ పదేళ్ళ వయసుకే పిల్లలకి వచ్చేసేది. అంటే సంఘం చేతిలో ఉన్న మొదటి ఆయుధానికి ట్రెయినింగు ఖర్చు సున్నా. రాళ్ళు వాగులో దొరుకుతాయి, అంటే తూటాల ఖర్చూ సున్నా. ఇప్పటి తుపాకీ పత్రికల్లో మొదటి పేజీ సలహా ఏమిటంటే, నీకు బాగా అలవాటైనదే నీకు మంచి ఆయుధం అని. కడవెండి కురుమ పిల్లలకి ఆ పత్రిక అవసరం లేకపోయింది.

కానీ వడిసెలకి ఒక పరిమితి ఉంది. అవతలివాడు ఎన్నిసార్లు కాలుస్తాడు అన్నదాని మీద అది ఆధారపడి ఉంటుంది. గడీల్లో ఎక్కువగా ఉన్నవి ఒకటో రెండో తూటాలు పట్టే వేట తుపాకులు, నోట్లోంచి మందు కూరే బర్మార్లు. అవి ఒకసారి పేలాక మళ్ళీ పేలడానికి సమయం పడుతుంది. ఆ సమయంలో గుంపు మీదకి ఉరకగలదు. నిజాం పోలీసు, మిలిటరీ వచ్చాక ఈ లెక్క తప్పింది. వాళ్ళ దగ్గర ఉన్నది త్రీనాట్‌త్రీ. మ్యాగజైనులో పది తూటాలు, చెయ్యి తిరిగిన సిపాయి నిమిషానికి గురి చూసి పదిహేను దాకా కొడతాడు. 1946 ఆఖర్లో బాలెంల, పాత సూర్యాపేట, మల్లారెడ్డిగూడెం లాంటి ఊళ్ళు కర్రలతో, వడిసెలలతో మిలిటరీకి ఎదురు నిలిచి మనుషుల్ని పోగొట్టుకున్నాయి. ధైర్యం అదే, మనుషులు అట్లాంటివాళ్ళే. మధ్యలో మారింది రెండు గుండ్ల మధ్య ఉన్న సమయం ఒక్కటే.

1947 సెప్టెంబరు 11న రావి నారాయణరెడ్డి, బద్దం ఎల్లారెడ్డి, మఖ్దూం మొహియుద్దీన్ సాయుధ పోరాటానికి పిలుపిచ్చారు. పిలుపు రాయడానికి ఒక రోజు చాలు. తుపాకులు ఎక్కడివి? గడీల మీద పడి తెచ్చినవి, పోలీసు ఠాణాల మీద పడి తెచ్చినవి, కమ్మరి కొలిమిలో తయారైనవి. "ఏది మంచిది" అని ఎంచుకునే వీలు ఎవరికీ లేదు. దొరికిందే పట్టారు. అయితే దొరికినవాటిని ఎవరికి ఇవ్వాలన్న దగ్గర మాత్రం ఎంపిక జరిగింది. సుందరయ్య లెక్కలో ఊరి దళాల్లో పదివేల మంది, రెగ్యులర్ గెరిల్లా దళాల్లో రెండు వేల మంది. మంచి రైఫిళ్ళు తిరిగే దళాలకి, బర్మార్లు, కర్రలు ఊరి కాపలాకి.

బర్మారు మీద కాస్త ఆగుతాను, ఎందుకంటే చాలామంది దాన్ని నాటు తుపాకీ అని తేలిగ్గా తీసిపారేస్తారు. భర్ అంటే నింపు, మార్ అంటే కొట్టు. పేరులోనే యూజర్ మాన్యువల్ ఉంది :) గొట్టం మూతిలోంచి మందు పోసి, గుడ్డపేలిక కూరి, ఇనుప ముక్కలో సీసం గుండో వేసి, కడ్డీతో దట్టించి, వెనకాల పటాసు లాంటి చిన్న టోపీ పెట్టి అప్పుడు కాల్చాలి. వానలో తడిస్తే అంతే సంగతులు. మరి ఇంత చెత్త ఆయుధం ఎందుకు పట్టారంటే, దానికి ఒక గొప్ప గుణం ఉంది. దాని తిండి ఊళ్ళోనే దొరుకుతుంది. మందు ఊళ్ళో కలుపుకోవచ్చు, సీసం కరిగించుకోవచ్చు, గొట్టం పగిలితే కమ్మరి ఉన్నాడు. త్రీనాట్‌త్రీ ఎంత గొప్పదైనా దాని తూటా ఖడ్కీ లాంటి ఫ్యాక్టరీలోంచి రావాలి. పోలీసు దగ్గర గుంజుకున్న రైఫిలుతో పాటు ఎన్ని తూటాలు దొరికితే అంతే దాని ఆయుష్షు. ఆ తర్వాత అది బరువైన గుత్ప.

అదే సమయంలో నిజాం సర్కారు ఏం చేసిందో పక్కన పెట్టి చూస్తే తేడా తెలుస్తుంది. 1948లో సిడ్నీ కాటన్ అనే ఆస్ట్రేలియా పైలటు కరాచీ నుంచి లాంకాస్ట్రియన్ విమానాల్లో హైదరాబాదుకి దొంగచాటుగా ఆయుధాలు మోశాడు. ఒక పక్క విమానాల్లో వచ్చే సరుకు, ఇంకో పక్క కమ్మరి కొలిమి.

ఇక శిక్షణ. తూటాలు లెక్కపెట్టుకునే చోట గురి నేర్చుకోవడానికి తూటా ఎవరూ ఖర్చు పెట్టరు. ఒకడు ఒక్క గుండు కూడా కాల్చకుండానే మొదటి పోరులోకి పోతాడు. తుపాకీ విప్పడం, తుడవడం, మళ్ళీ బిగించడం, పడుకుని గురి పట్టడం.. ఇంతవరకే. ఇప్పుడు షూటింగు క్లబ్బుల్లో డ్రై ప్రాక్టీసు అని ముద్దుగా పిలుచుకునేది ఇదే. మల్లు స్వరాజ్యం పదిహేడేళ్ళకే దళంలో తుపాకీ పట్టింది, ఆమె తల మీద పదివేల రూపాయల బహుమతి ప్రకటించారు. ఆమె 2022 మార్చిలో చనిపోయినప్పుడు పేపర్లన్నీ ఆ తుపాకీ ఫొటోనే వేశాయి. ఆ పిల్ల ఎన్ని తూటాలు కాల్చి నేర్చుకుంది అని మాత్రం ఎవరికీ తట్టలేదు!

పిస్తోలు ఎక్కడా కనబడలేదేమిటి అంటారా? నిజమే, ఈ మొత్తం కథలో పిస్తోలుది చాలా చిన్న పాత్ర. దొరలకి, ఆఫీసర్లకి ఉండేది, దళ నాయకులకి అప్పుడప్పుడు చిక్కేది. గొంగడి కింద దాచుకుని ఊరు దాటడానికి అంతకంటే మంచి వస్తువు లేదు. కానీ పాతిక గజాలు దాటితే మామూలు చేతుల్లో పిస్తోలు గుండు ఎటు పోతుందో దేవుడికే ఎరుక. చేల మధ్య, బురుజుల మీద జరిగిన ఆత్మరక్షణలో దానికి పని లేదు. చేతి తుపాకీ ఒంటరి మనిషి ఆయుధం, ఊరికి పనికిరాదు. అప్పట్లో ఇక్కడ ఎవరూ ఒంటరిగా తమని తాము కాపాడుకోవాలని అనుకోలేదు.

ఊరంతా కలిసి కాపాడుకోవడం అంటే ఏమిటో, దాని హద్దు ఎక్కడో చెప్పడానికి బైరాన్‌పల్లి చాలు. ఇప్పుడు సిద్దిపేట జిల్లాలో ఉంది. రజాకార్లు మీద పడతారని తెలిసి ఊరివాళ్ళు పాత బురుజుని బాగుచేసుకున్నారు. పైన కాపలా, దగ్గర బర్మార్లు, వడిసెల రాళ్ళ కుప్పలు, ప్రమాదం కనబడితే నగారా. రజాకార్లు అంతకుముందు వచ్చినప్పుడు ఈ ఏర్పాటు పనిచేసింది. దెబ్బలు తిని వెళ్ళిపోయారు. అందుకే 1948 ఆగస్టు 27న మిలిటరీని, ఫిరంగిని వెంటబెట్టుకుని వచ్చారు. బర్మారు అందుకోలేనంత దూరంలో నిలబడి బురుజుని కొట్టారు. తర్వాత ఊళ్ళో మగవాళ్ళని వరసలో నిలబెట్టి కాల్చారు. చనిపోయినవాళ్ళ లెక్క ఒక్కో పుస్తకంలో ఒక్కో రకంగా ఉంది, ఎక్కువగా వినపడేది 96. పోలీస్ యాక్షన్ మొదలైంది సెప్టెంబరు 13న. మధ్యలో 17 రోజులు.

"ఎదురు తిరగకపోతే బతికేవాళ్ళు కదా" అనేవాళ్ళు ఉన్నారు. ఎదురు తిరగని ఊళ్ళు కూడా దోపిడీకి గురయ్యాయి, తగలబడ్డాయి. కాబట్టి ఆ వాదన నాకు ఎక్కదు. అట్లాగని "ఇంకొన్ని మంచి తుపాకులు ఉంటే గెలిచేవాళ్ళు" అన్న మాట కూడా ఎక్కదు. రైఫిళ్ళుంటే వాళ్ళు ఇంకో ఫిరంగి తెచ్చేవాళ్ళు. సర్కారు అవతలి పక్షాన ఉన్నప్పుడు ఆత్మరక్షణ అన్నది ఆయుధాల పోటీగా మారిపోతుంది, ఆ పోటీలో కొలిమి ఎప్పుడూ ఫ్యాక్టరీ వెనకాలే ఉంటుంది.

సెప్టెంబరు 17న నిజాం లొంగిపోయాక అసలు చిక్కు వచ్చింది. రజాకార్ల నించి కాపాడుకోవడానికి పట్టిన తుపాకీని రజాకార్లు పోయాక ఏం చెయ్యాలి? దించితే దొరలు భూములు గుంజుకోవడానికి తిరిగొస్తారు (వచ్చారు కూడా). దించకపోతే ఎదురుగా ఉన్నది భారత సైన్యం. రావి నారాయణరెడ్డి అప్పుడే ఆపెయ్యాలన్నాడు. పార్టీ వినలేదు. ఇంకో మూడేళ్ళు గడిచి, 1951 అక్టోబరు 21న విరమించారు. పోరాటం మొత్తంలో నాలుగు వేల మంది దాకా చనిపోయారని సుందరయ్య రాశారు. 1952 ఎన్నికల్లో అదే రావి నారాయణరెడ్డి నల్లగొండ నించి నెహ్రూ కంటే ఎక్కువ ఓట్లతో లోక్‌సభకి గెలిచాడు. తుపాకీ ఎట్లా పట్టాలో నేర్పేవాళ్ళు ఏదో రకంగా దొరుకుతారు గానీ, ఎప్పుడు దించాలో చెప్పినవాడి మాట వినడానికి మనవాళ్ళకి మూడేళ్ళు పట్టింది.

ఇప్పటికి వద్దాం. అమెరికాలో మనవాళ్ళు తుపాకీ గురించి గట్టిగా మాట్లాడుకోవడం మొదలైంది 2017 ఫిబ్రవరి 22 తర్వాత. ఆ రోజు కాన్సాస్ రాష్ట్రం ఒలేథాలో ఒక బారులో కూచిభొట్ల శ్రీనివాస్‌ని కాల్చి చంపారు, అతని స్నేహితుడు గాయపడ్డాడు. కాల్చినవాడు అంతకుముందు వీళ్ళని తిట్టి, బయటికి పంపిస్తే తుపాకీతో తిరిగొచ్చాడు. అక్కడే ఉన్న ఇయన్ గ్రిలట్ అనే యువకుడు బల్ల కింద దాక్కుని గుండ్లు లెక్కపెట్టాడు. తొమ్మిది అయ్యాయి, మ్యాగజైను ఖాళీ అయింది అనుకుని లేచి వెంటపడ్డాడు. లెక్క తప్పింది. కాల్పుల్లో అతనూ గాయపడ్డాడు, బతికాడు. నాకైతే కడవెండి గుర్తొచ్చింది. రెండు గుండ్ల మధ్య సందు చూసి ఉరకడం అదే పద్ధతి. కానీ బర్మారు ముందు ఆ సందు ఎంతుందో కంటికి కనబడుతుంది, పిస్తోలు ముందు అది దాచి ఉంటుంది.

"మన దగ్గర కూడా ఒకటుంటే" అనుకునేవాళ్ళకి ఒక చిన్న సంగతి. హెచ్-1బి, ఎఫ్-1 లాంటి వీసాల మీద ఉన్నవాళ్ళు అక్కడ తుపాకీ దగ్గర పెట్టుకోవడం ఫెడరల్ చట్టం ప్రకారం నేరం. కొన్ని మినహాయింపులున్నాయి, వాటిలో మనవాళ్ళు వాడుకునేది వేట లైసెన్సు. అందుకే జన్మలో కుందేలుని కూడా తరమని సాఫ్ట్‌వేర్ ఇంజనీర్లు హంటింగ్ లైసెన్సు తీసుకుంటున్నారు! 2024 నవంబరులో అట్లాంటాలో ఒక తెలుగు విద్యార్థి తన పుట్టినరోజు నాడే సొంత తుపాకీ తుడుస్తుంటే పేలి చనిపోయాడు. తూటా తీశామో లేదో చూసుకోవడం, తీశామనుకున్నాక మళ్ళీ చూసుకోవడం ఎక్కడైనా మొదటి పాఠం. దానికి కొన్ని వారాలు ఎవరైనా పక్కన నిలబడి తిట్టాలి.

మన దేశంలో సంగతి వేరు. జేబుకి సరిపడా డబ్బుండి, కారణం చూపగలిగితే సర్కారు ఫ్యాక్టరీ చేసే పాయింట్ 32 రివాల్వరు వస్తుంది. ఆరు తూటాలు. 2014లో కాన్పూరులో ఆడవాళ్ళ కోసం "నిర్భీక్" అని అరకిలో బరువుతో తేలికైనది తెచ్చారు, ధర 1.22 లక్షలు. ఐలమ్మ ఆ ధరకి పొలం కొనుక్కునేదేమో. 2016 ఆయుధ నియమాలు వచ్చాక భద్రతా శిక్షణ సర్టిఫికెట్టు కావాలి. మంచిదే. కానీ ఎన్ని తూటాలు కొనొచ్చో లైసెన్సులోనే రాసి ఉంటుంది, ఊళ్ళో కాల్చి నేర్చుకునే చోటు ఉండదు. కాబట్టి మన లైసెన్సుదారుల్లో చాలామంది పరిస్థితి 1947 దళ సభ్యుడి పరిస్థితే: విప్పడం, తుడవడం, మళ్ళీ బిగించడం. ఎన్నికల కోడ్ రాగానే ఆ వస్తువు కూడా పోలీస్ స్టేషన్‌లో జమ చెయ్యాలి. పల్లెలో కొట్లాటలు ఎక్కువయ్యేది సరిగ్గా ఆ నెలలోనే!

ఆత్మరక్షణ హక్కు మాత్రం అందరికీ ఉంది, లైసెన్సు లేకపోయినా. పాత శిక్షాస్మృతిలో 96 నుంచి 106 వరకు ఉన్న సెక్షన్లు 2024 జూలై 1 నుంచి భారతీయ న్యాయ సంహితలో 34 నుంచి 44గా మారాయి. సారాంశం పాతదే. అవసరమైనంత మేరకే, ప్రమాదం ఉన్నంతసేపే.

అన్నట్టు, 1959 ఆయుధాల చట్టం తిరగేస్తుంటే 13వ సెక్షన్‌లో ఒక విశేషం కనబడింది. పిస్తోలు, రివాల్వరు లాంటివాటికైతే తగిన కారణం ఉందని అధికారిని ఒప్పించాలి. ఇరవై అంగుళాలకి తగ్గని గొట్టం ఉన్న మామూలు తుపాకీ రక్షణకో వేటకో అడిగితే, వేరే అభ్యంతరాలు లేనప్పుడు ఇవ్వాలి. దాని పక్కనే, అదే వరసలో ఇంకోటి ఉంది: నిజంగా పంట కాపాడుకోవడానికి అడిగే, నోట్లోంచి మందు కూరే తుపాకీ.